నర్సులు, డాక్టర్లు ఎలా మాట్లాడుకోవాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

వార్డులో కొత్తగా చేరిన నర్సులు, హౌస్ సర్జన్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. కొన్ని డ్యూటీ మధ్యలో నడుస్తూ అడిగినవి, కొన్ని గొడవ జరిగాక కళ్లు తుడుచుకుంటూ అడిగినవి. జవాబులు ఒక నర్సు వైపు నుంచి రాసినవే అయినా, డాక్టర్లు కూడా చదవాలనే రాశాను.

మర్యాద అంటే "సార్, మేడమ్" అనడమేనా?

కాదు. నోటినిండా సార్ అంటూనే చెప్పాల్సిన మాట మింగేసినవాళ్లను చూశాను. గొంతు కాస్త కరుగ్గా ఉన్నా, సమయానికి విషయం చెప్పి పేషెంట్‌ను గట్టెక్కించినవాళ్లనూ చూశాను. నర్సు షిఫ్ట్ అంతా పేషెంట్ పక్కనే ఉంటారు. డాక్టరు వచ్చేది రోజుకు ఒకటి రెండుసార్లు, మంచం దగ్గర నిలబడేది కొద్ది నిమిషాలు. మిగతా గంటల్లో ఏం జరిగిందో డాక్టరుకు తెలిసేది నర్సు చెప్పిన మాట వల్ల, నర్సు రాసిన కాగితం వల్ల. ఆ మాటను సాగదీయకుండా, దాచకుండా చెప్పడం ఒకరి మర్యాద. తలెత్తి వినడం ఇంకొకరి మర్యాద.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను, కింద రాసినదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. "నేను చెప్పాను" అనేది ఒక పని. "వాళ్లకు చేరింది" అనేది ఇంకో పని. వార్డుల్లో పొరపాట్లు ఎక్కువగా దూరేది ఈ రెంటికీ మధ్య ఉన్న సందులోనే.

రాత్రి రెండింటికి డ్యూటీ డాక్టరును లేపాలా, పొద్దున రౌండ్స్ దాకా ఆగాలా అని తేల్చుకోలేను. ఎలా?

ఈ టెన్షన్ పడని నర్సు ఉండరు. లేపితే విసుక్కుంటారేమో, లేపకపోతే పేషెంట్‌కు ఏమవుతుందో. ఈ ఊగిసలాటను తగ్గించడానికే కొన్ని లెక్కలు వచ్చాయి. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి, 2017లో సవరించిన న్యూస్ (నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్) అందులో ఒకటి. ఊపిరి వేగం, సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం), ఆక్సిజన్ పెట్టారా లేదా, పై బీపీ, పల్స్, స్పృహ, టెంపరేచర్. ఒక్కోదానికి మార్కులు వేసి కూడతారు. మొత్తం 5 లేదా అంతకు మించితే డాక్టరు త్వరగా వచ్చి చూడాలి. 7 లేదా అంతకు మించితే ఎమర్జెన్సీ. ఏదో ఒక్కదానికే 3 వచ్చినా డాక్టరుకు తెలియాల్సిందే.

దీంతో పెద్ద లాభం ఏమిటంటే, ఫోన్ చేయాలని నిర్ణయించింది మీరు కాదు, ఆ అంకె. "ఎందుకో బాగోలేదనిపిస్తోంది సార్" అనే బదులు "పది గంటలకు స్కోర్ 2, ఇప్పుడు 7" అంటే నిద్రమత్తులో ఉన్నవాళ్లు కూడా లేచి కూర్చుంటారు. అయితే ఊపిరి నిజంగా లెక్కపెట్టాలి. అందరికీ వరసగా 20 అని రాసుకుంటూ పోయే అలవాటు మనలో ఎంతమందికి ఉందో మనకే తెలుసు. పరిస్థితి దిగజారుతుంటే చాలాసార్లు అన్నిటికంటే ముందు మారేది ఆ అంకే.

స్కోర్ బాగానే ఉన్నా మనసు ఒప్పుకోకపోతే? చేయండి ఫోన్. "అంకెలు మామూలుగానే ఉన్నాయి, కానీ సాయంత్రం నాతో కబుర్లు చెప్పిన మనిషి ఇప్పుడు ముఖం తిప్పుకుని పడుకున్నారు, చెమట పడుతోంది" అని చూసింది చూసినట్టు చెప్పండి.

ఇక నిద్ర మాత్ర, విరేచనం మందు లాంటివి రాత్రి పది లోపే అడిగేసుకోవాలి. వాటికోసం రెండింటికి లేపితే విసుక్కునే హక్కు వాళ్లకు కొంత ఉంది.

ఫోన్‌లో ఏది ముందు చెప్పాలి, ఏది తర్వాత?

రెండు ఫోన్లు చూడండి. పేషెంట్ ఒకరే.

మొదటిది: "సార్, ఏడో బెడ్ పేషెంట్‌కు కొంచెం బీపీ తగ్గింది సార్. నిన్నటి నుంచి నీరసంగానే ఉన్నారు. వాళ్ల అబ్బాయి కూడా కంగారు పడుతున్నాడు. పొద్దున టిఫిన్ కూడా సరిగా తినలేదట. ఒకసారి చెబుదామని చేశాను సార్."

రెండోది: "సార్, సర్జికల్ వార్డు నుంచి నైట్ స్టాఫ్ నర్సును. ఏడో బెడ్‌లో పేషెంట్‌కు బీపీ పడిపోతోంది, ఇప్పుడు 88/56, పల్స్ 124. నిన్న పొద్దున పేగు ఆపరేషన్ అయింది, వయసు 58. గంట క్రితం బీపీ 110/70 ఉంది. రెండు గంటల్లో యూరిన్ 20 ఎంఎల్ మాత్రమే. పొట్టలో పెట్టిన డ్రెయిన్ గొట్టంలో గంటలో 300 ఎంఎల్ ఎర్రగా వచ్చింది, పొట్ట గట్టిపడింది. లోపల బ్లీడింగ్ అవుతోందని నా అనుమానం. మీరు ఇప్పుడే వచ్చి చూడాలి. ఈలోపు ఫ్లూయిడ్స్ ఎంత పెట్టమంటారు? బ్లడ్ బ్యాంకుకు చెప్పమంటారా?"

మొదటి ఫోన్‌కు వచ్చే జవాబు మనకు తెలిసిందే: "సరే, గమనిస్తూ ఉండండి." ఆ తర్వాత నర్సు "నేను చెప్పాను" అంటారు, డాక్టరు "నాకు ఇంత సీరియస్ అని చెప్పలేదు" అంటారు. ఇద్దరూ అబద్ధం ఆడడం లేదు, చూడండి. అదే బాధ.

రెండో ఫోన్‌లో ఉన్న వరసను ఎస్‌బార్ అంటారు. సిచ్యువేషన్, బ్యాక్‌గ్రౌండ్, అసెస్‌మెంట్, రికమెండేషన్ అనే నాలుగు మాటల మొదటి అక్షరాలు. ఇప్పుడేం జరుగుతోంది, దీని వెనక కథేమిటి, నాకేమనిపిస్తోంది, మీ నుంచి ఏం కావాలి. అమెరికా నౌకాదళం అణు జలాంతర్గాముల్లో వాడిన పద్ధతి ఇది. అక్కడి కైజర్ పర్మనెంటే ఆరోగ్య సంస్థలో పనిచేసేవాళ్లు 2000 తర్వాతి సంవత్సరాల్లో దీన్ని ఆస్పత్రులకు పనికొచ్చేలా మలిచారు.

మొదటి రెండు భాగాలు అందరూ బాగానే చెబుతారు. మూడోదాని దగ్గర గొంతు ఆగిపోతుంది. "బ్లీడింగ్ అనుకుంటున్నాను అంటే, డయాగ్నసిస్ నువ్వు చెబుతావా అంటారేమో" అని. మీరు రోగం పేరు తేల్చక్కర్లేదు. "ఏమిటో తెలియదు, కానీ పేషెంట్ దిగజారుతున్నారు" అన్నా అది అసెస్‌మెంటే. నాలుగోది ఇంకా ముఖ్యం. ఏం కావాలో అడగకుండా ఫోన్ పెట్టేస్తే ఆ ఫోన్ చేయనట్టే లెక్క. "మీరు రావాలి" అనే రెండు మాటలు నోట్లోంచి రావడానికి నాకు ఉద్యోగంలో మొదటి రెండేళ్లు పట్టింది.

ఫోన్ ఎత్తే ముందు కేస్ షీట్, తాజా వైటల్స్ (బీపీ, పల్స్, ఊపిరి, టెంపరేచర్ లాంటి అంకెలు), ఎలర్జీలు, నడుస్తున్న మందులు, ఆరోజు రిపోర్టులు చేతిలో ఉండాలి. "ఒక్క నిమిషం సార్, చూసి చెబుతా" అని మూడుసార్లు అంటే అవతలివాళ్ల ఓపిక సగం అక్కడే పోతుంది. ఇంకో సంగతి, మీ కళ్లతో మీరు చూసి చేయండి. "స్టూడెంట్ చెప్పింది సార్" అని మొదలుపెట్టకండి.

ఫోన్‌లో చెప్పిన ఆర్డర్ తీసుకోవచ్చా?

ఎమర్జెన్సీలో, లేదా డాక్టరు చేయి ఖాళీ లేనప్పుడు తీసుకోక తప్పదు. పక్కనే కుర్చీలో కూర్చుని, కేస్ షీట్ చేతికందేంత దూరంలో ఉండి కూడా నోటితో చెప్పే ఆర్డర్ మాత్రం తీసుకోకండి. షీట్ ముందుకు జరిపి "ఇక్కడ రాసేయండి సార్" అంటే చాలు. కీమోథెరపీ మందుల్లాంటివి కొత్తగా మొదలుపెట్టే ఆర్డర్ నోటిమాట మీద అస్సలు నడవకూడదు.

తీసుకున్నప్పుడు పద్ధతి ఇది: విన్నది రాయాలి, రాసింది చదివి వినిపించాలి, "అవును" అనే మాట అవతలి నుంచి రావాలి. దీన్నే రీడ్-బ్యాక్ అంటారు. విని గుర్తుపెట్టుకుని తిరిగి చెప్పడం వేరు, రాసి ఆ కాగితం చూసి చదవడం వేరు. రెండోదే కావాలి.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. ఉద్యోగంలో కొత్త. షుగర్ ఎక్కువున్న పేషెంట్ కోసం ఫోన్ చేశాను. వెనక ఏదో మోత. "ఇన్సులిన్ ఫార్టీ యూనిట్స్" అని వినిపించింది. సరే సార్ అని పెట్టేశాను. సిరంజిలోకి లాగుతుంటే చేయి ఆగింది, ఇంత ఇస్తారా అని. మళ్లీ ఫోన్ చేయడానికి మొహమాటం. అయిదు నిమిషాలు ట్రే పట్టుకుని అలాగే నిలబడ్డాను. చివరికి చేశాను. "ఫోర్టీన్ అమ్మా, పద్నాలుగు! ఒకటి, నాలుగు!" అన్నారు. ఆ రోజు నుంచి అంకెను విడదీసి చెప్పనిదే నేను ఫోన్ పెట్టలేదు. ఫోర్టీన్-ఫార్టీ, ఫిఫ్టీన్-ఫిఫ్టీ, సిక్స్‌టీన్-సిక్స్‌టీ, ఇవన్నీ ఫోన్‌లో ఒకేలా మోగుతాయి. తెలుగులో పద్నాలుగు, నలభై అంటే ఈ గొడవే లేదు. వార్డులో అందరికీ తెలుగు వస్తే తెలుగులోనే చెప్పుకోండి, నామోషీ ఏమీ లేదు.

మందు పేర్లూ అంతే. డోపమైన్, డోబుటమైన్ ఒకదానిలాగే ఇంకొకటి వినిపిస్తాయి. అనుమానం ఉంటే అక్షరం అక్షరం పలికించుకోండి. దేనికోసం ఇస్తున్నారో కూడా అడగండి. బీపీ కోసమా, వాంతుల కోసమా అని తెలిస్తే తప్పు మందు అక్కడే దొరికిపోతుంది.

తర్వాత తేదీ, సమయం, ఎవరు చెప్పారు, ఎవరు విన్నారు, చదివి వినిపించామా లేదా రాసి, డాక్టరు వచ్చినప్పుడు సంతకం పెట్టించుకోవాలి. ఎన్ని గంటల్లోపు అనేది మీ ఆస్పత్రి నియమాల్లో ఉంటుంది.

వాట్సాప్‌లో వచ్చే ఆర్డర్ల సంగతి?

మెసేజ్ పంపారంటే చూశారని కాదు. నీలం టిక్కులు పడ్డా చదివి అర్థం చేసుకున్నారని కాదు. అర్జెంటు విషయం ఎప్పుడూ ఫోన్‌లోనే చెప్పండి. పేషెంట్ పేరు, ఫొటో, రిపోర్టులు సొంత ఫోన్‌లో, గ్రూపుల్లో తిరగడం అసలే మంచిది కాదు. ఆస్పత్రి దానికోసం ఒక యాప్ ఇచ్చి ఉంటే అదే వాడండి. ఏ దారిన వచ్చినా ఆర్డర్ కేస్ షీట్‌లోకి ఎక్కాల్సిందే.

డాక్టరు రాసిన డోసు తప్పనిపిస్తోంది. అడిగితే తప్పా?

అడగకపోతే తప్పు. డాక్టరు రాశారు కాబట్టి ఇచ్చాను అనే మాట ఎక్కడా నిలబడదు. సిరంజి పట్టుకున్న చేయి మీది.

1966లో అమెరికాలో చార్లెస్ హాఫ్లింగ్ అనే సైకియాట్రిస్టు, ఆయన సహచరులు ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. ముఖం ఎప్పుడూ చూడని ఒక "డాక్టరు" రాత్రి షిఫ్ట్‌లో ఉన్న నర్సుకు ఫోన్ చేసి, ఫలానా పేషెంట్‌కు ఫలానా మందు 20 మిల్లీగ్రాములు ఇవ్వమంటాడు. సీసా మీద రోజుకు 10 మిల్లీగ్రాములకు మించరాదని రాసి ఉంది. ఆ మందు వార్డుకు అనుమతించిన మందుల జాబితాలో లేదు. ఫోన్ ఆర్డర్ ఇవ్వడం ఆస్పత్రి నియమాలకే విరుద్ధం. 22 మంది నర్సుల్లో 21 మంది మందు తీసుకుని పేషెంట్ వైపు నడిచారు. అడ్డుపడి ఆపాల్సి వచ్చింది. మందు నిజానికి ఉత్త చక్కెరే అనుకోండి. వాళ్లేమీ అజాగ్రత్త మనుషులు కాదు. అడగడం అమర్యాద అని నేర్చుకుని వచ్చినవాళ్లు.

ఎలా అడగాలంటే, తప్పు పట్టినట్టు కాకుండా, కళ్ల ముందున్న అంకెను చూపిస్తూ. "సార్, ఈ పేషెంట్ క్రియాటినిన్ 3.2 ఉంది, కిడ్నీలు సరిగా పనిచేయడం లేదు. డోసు ఇంతే ఇవ్వాలా, ఒకసారి చూస్తారా?" ఇలా అంటే చాలామంది డాక్టర్లు "అరె, అవును కదా" అని దిద్దుతారు. కొందరు కారణం చెబుతారు, మనకు కొత్త విషయం తెలుస్తుంది. రెండూ లాభమే.

అడిగాను. "చెప్పింది చేయండి" అన్నారు. ఇప్పుడేం చేయాలి?

ఒక్కసారి అడిగి ఆగిపోవద్దు. అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ, రక్షణ శాఖ కలిసి 2006లో తెచ్చిన టీమ్‌స్టెప్స్ శిక్షణలో ఒక పద్ధతి ఉంది. మొదటిసారి పట్టించుకోకపోతే రెండోసారి ఇంకా స్పష్టంగా చెప్పాలి. అప్పటికీ కాకపోతే పై వాళ్లకు చెప్పాలి. మాటల తీవ్రత కూడా మెట్లు మెట్లుగా పెరగాలి. ముందు "నాకు ఆందోళనగా ఉంది సార్." తర్వాత "ఇది ఇవ్వడానికి నాకు మనసు ఒప్పడం లేదు." చివరికి "ఇది పేషెంట్‌కు ప్రమాదం." ఈ మూడో వాక్యం విన్నాక ఎవరైనా సరే చేస్తున్న పని ఆపి చూడాలన్నది ఒప్పందం. వార్డు మొత్తానికి ముందే చెప్పి పెట్టుకుంటేనే ఇది పనిచేస్తుంది.

అప్పటికీ వినకపోతే ఇన్‌చార్జి సిస్టర్‌కు, ఆమె ద్వారా యూనిట్‌లో పెద్ద డాక్టరైన కన్సల్టెంట్‌కు. "డాక్టర్ గారూ, నాకు ఇంకా అనుమానం తీరలేదు. ఇన్‌చార్జితో మాట్లాడి వస్తాను" అని ఆయన ముఖం మీదే చెప్పి వెళ్లండి. వెనక నుంచి చాడీ చెప్పినట్టు ఉండకూడదు.

2005లో బ్రిటన్‌లో జరిగిన ఒక ఘటన గురించి మత్తు వైద్యంలో ఇప్పటికీ పాఠం చెబుతారు. ముక్కు దగ్గరి సైనస్‌కు మామూలు ఆపరేషన్. మత్తు ఇచ్చాక శ్వాసనాళంలోకి గొట్టం వెళ్లలేదు. అనుభవం ఉన్న డాక్టర్లే, ఒకరికి ముగ్గురు, మళ్లీ మళ్లీ అదే ప్రయత్నం చేస్తూ పోయారు. ఒక నర్సు గొంతు దగ్గర రంధ్రం చేసే ట్రకియాస్టమీ సెట్ తెచ్చి, సిద్ధంగా ఉందని చెప్పారు. ఇంకొకరు ఐసీయూలో బెడ్ ఖాళీ ఉందని కనుక్కుని వచ్చి చెప్పారు. అతి చేస్తున్నట్టు తనవైపు చూశారనిపించి ఆమె వెనక్కి తగ్గారు. ఆ పేషెంట్ 13 రోజుల తర్వాత చనిపోయారు. ఏం చేయాలో నర్సులకు తెలుసు. సెట్ కూడా గదిలోనే ఉంది.

ఈ కథ విన్న ప్రతిసారీ నేను ఆలోచించేది ఆ నర్సుల గురించే. "సెట్ సిద్ధంగా ఉంది" అన్నది సమాచారం. "సార్, ఇక ఆపండి, ట్రకియాస్టమీ చేయండి" అన్నది వేరే మాట. దాన్ని అనడానికి ఆ గదిలో చోటు లేకపోయింది. ఆ చోటు ఇవ్వాల్సింది ఆ గదిలో పెద్దవాళ్లు.

అందరి ముందు అరిచారు. నేనేం చేయాలి?

అప్పటికప్పుడు పేషెంట్ పని పూర్తి చేయండి. జవాబు చెప్పాలనిపిస్తే ఒక్క వాక్యం: "ఇది తర్వాత మాట్లాడదాం సార్, ముందు పేషెంట్ సంగతి చూద్దాం."

తర్వాత, అదే రోజు, పక్కకు పిలిచి చెప్పండి. "పొద్దున రౌండ్స్‌లో పేషెంట్ బంధువుల ముందు మీరు నన్ను అలా అన్నారు. రిపోర్టు ఆలస్యం అయిన మాట నిజమే, కానీ అలా అంటే రేపటి నుంచి ఆ పేషెంట్ నా మాట వినరు." జరిగింది, దాని వల్ల వచ్చిన నష్టం, అంతే. "మీరెప్పుడూ ఇంతే" అనే మాట జోలికి వెళ్లొద్దు. చాలామంది సారీ చెబుతారు. చెప్పనివాళ్లు, మళ్లీ మళ్లీ చేసేవాళ్లు ఉంటే తేదీ, సమయం, అన్న మాటలు రాసి పెట్టి నర్సింగ్ సూపరింటెండెంట్‌కు ఇవ్వండి. బూతులు, చేయి చేసుకోవడం, వస్తువులు విసరడం లాంటివాటికి పక్కకు పిలిచి మాట్లాడడాలేమీ లేవు. నేరుగా ఫిర్యాదే.

అరిచే డాక్టర్లకు ఒక మాట. మీ మీద కోపంతో ఎవరూ ఏమీ దాచరు. భయంతో దాస్తారు. రాత్రి మిమ్మల్ని లేపాలా వద్దా అని ఇరవై నిమిషాలు ఆలోచిస్తారు. ఆ ఇరవై నిమిషాలు పేషెంట్ ఖాతాలోంచి పోతాయి.

డాక్టర్ల వైపు నుంచి మర్యాద ఎలా ఉండాలి?

వార్డులోకి రాగానే "సిస్టర్, రాత్రి ఎలా గడిచింది, మీకు ఎవరి గురించి బెంగగా ఉంది?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న అడిగే డాక్టరుకు సమాచారం దానంతట అదే వస్తుంది.

ప్లాన్ మారిస్తే నోటితో కూడా చెప్పండి. కేస్ షీట్‌లో రాసి, షీట్‌ను కిటికీ గూట్లో వదిలి, స్టాట్ ఆర్డర్ (వెంటనే ఇవ్వాల్సిన మందు) ఎందుకు ఇవ్వలేదని మధ్యాహ్నం అడిగితే ఎలా? నర్సుకు కల రాదు కదా.

చేతిరాత. దీని గురించి జోకులు చాలు. అంకెల దగ్గరైనా నిదానంగా రాయండి. అమెరికాలో ఆస్పత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో వాడకూడని పొట్టి రాతల జాబితా పెట్టింది. యూనిట్లకు బదులు ఒక్క "యు" అక్షరం రాస్తే అది సున్నాలా కనబడి 10 యూనిట్లు 100 అవుతుంది. 5.0 అని రాస్తే చుక్క కనబడక 50 అవుతుంది. సున్నా లేకుండా .5 అని రాస్తే 5 అవుతుంది. యూనిట్స్ అని పూర్తిగా రాయండి, 5 అని ఆపండి, 0.5 అని మొదలుపెట్టండి.

ప్రొసీజర్ చేశాక సూదులు, బ్లేడ్లు ట్రేలో గాజ్ గుడ్డ కింద వదిలేసి వెళ్లకండి. ఇది మాట కాకపోయినా మాటలాంటిదే. తర్వాత ఆ ట్రే ఎత్తే చేతిని మీరు ఎలా చూస్తున్నారో అది చెబుతుంది.

కొత్తగా వచ్చిన హౌస్ సర్జన్‌కు నేను చెప్పొచ్చా? నాకు పదిహేనేళ్ల అనుభవం, ఆ అబ్బాయి మొన్ననే చేరాడు.

చెప్పాలి. చెప్పే తీరులోనే ఉంది అంతా. 1967లో లెనార్డ్ స్టెయిన్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు "డాక్టర్-నర్సు ఆట" అని ఒకదాని గురించి రాశారు. నర్సు సలహా ఇస్తుంది కానీ అది డాక్టరుకే తట్టినట్టు కనిపించాలి. డాక్టరు సలహా అడుగుతాడు కానీ అడిగినట్టు ఉండకూడదు. ఆడితే ఇద్దరికీ సుఖం. ఆ వ్యాసం పాతబడింది గానీ ఆట ఇంకా నడుస్తోంది. "సార్, పోయినసారి ఇలాంటి కేసులో పెద్ద సార్ పొటాషియం చూశారు మరి..." అని గాల్లోకి ఒక మాట వదలడం మనందరికీ అలవాటే.

నా అభిప్రాయం, మామూలు రోజుల్లో ఆ నాజూకుతనం ఉంటే ఉండనివ్వండి, అందులో తప్పులేదు. పేషెంట్ దిగజారుతున్నప్పుడు మాత్రం ఆట కట్టిపెట్టి సూటిగా చెప్పండి: "డాక్టర్, పొటాషియం పరీక్షకు రక్తం పంపుదాం. ఈసీజీ తీయనా?" పేషెంట్ ముందు కాకుండా రెండడుగులు పక్కకు జరిగి చెబితే ఆ అబ్బాయి పరువూ నిలబడుతుంది. ఇలా ఒకసారి ఆదుకుంటే ఏళ్ల తర్వాత కూడా గుర్తుపెట్టుకుంటారు. మీకు కూడా వాళ్ల దగ్గర అడగడానికి బోలెడు ఉంటుంది.

ఎలా పిలుచుకోవాలి? "ఏయ్ సిస్టర్", "ఓ బాబూ" అంటుంటే చిరాకుగా ఉంటుంది.

పేరు అడగండి, పేరుతో పిలవండి, పక్కన గారు చేర్చండి. మగ నర్సులను "బ్రదర్" అనడం వాడుకలో ఉంది, అదీ పేరుతో కలిపితే బాగుంటుంది. "ఏడో బెడ్ సిస్టర్", "ఆ పొట్టి డాక్టర్" లాంటివి వద్దు. వయసులో ఎంత చిన్నవాళ్లయినా పేషెంట్ ముందు "మీరు" అనే అనండి.

రౌండ్స్‌లో నర్సు ఫైళ్లు మోయడానికేనా?

అలాగే నడుస్తోంది చాలాచోట్ల. మార్చుకోవచ్చు. ప్రతి పేషెంట్ దగ్గర నర్సుకు ముప్పై సెకన్లు ఇవ్వాలని యూనిట్‌లో అనుకోండి: రాత్రి కొత్తగా ఏం జరిగింది, నొప్పి, యూరిన్, తిండి, పేషెంట్ అడగాలనుకుని డాక్టరు ముందు అడగలేకపోయిన ప్రశ్న. ఆ చివరిది డాక్టర్లకు ఎక్కడా దొరకదు. మంచం వదిలే ముందు "ఈరోజు ప్లాన్ ఇది" అని ఎవరో ఒకరు గట్టిగా అనాలి, పేషెంట్‌కు కూడా వినిపించేలా.

పేషెంట్ ముందే మా ఇద్దరికీ మాట తేడా వస్తే?

ప్రమాదం ఉంటే అక్కడే ఆపండి: "సార్, ఒక్క నిమిషం, ఎలర్జీ కాలమ్ చూడండి." ప్రమాదం లేకపోతే బయటికి వచ్చాక. పేషెంట్‌తో మాత్రం డాక్టరు గురించి నర్సు, నర్సు గురించి డాక్టరు తేలిక చేసి మాట్లాడకూడదు. "ఆ డాక్టరు ఎప్పుడూ లేటే" అని మీరు నవ్వుతూ అంటారు. ఆపరేషన్‌కు వెళ్లబోయే మనిషి ఆ మాటతో రాత్రంతా నిద్రపోరు.

ఆపరేషన్ థియేటర్‌లో వేరే పద్ధతులున్నాయా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో విడుదల చేసిన సర్జికల్ సేఫ్టీ చెక్‌లిస్ట్ ఉంది. మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, పేషెంట్‌ను థియేటర్ నుంచి బయటికి పంపే ముందు, మూడు చోట్ల ఆగి 19 అంశాలు గట్టిగా చెప్పుకోవాలి. ఎనిమిది దేశాల్లోని ఎనిమిది ఆస్పత్రుల్లో పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, కాంప్లికేషన్లు 11 శాతం నుంచి 7 శాతానికి తగ్గాయి. అందులో గదిలో ఉన్నవాళ్లంతా తమ పేరు, పని చెప్పుకోవాలన్న అంశం ఒకటి ఉంది. కొందరికి అది నవ్వులాటగా ఉంటుంది. కానీ ఒకసారి పేరు చెప్పి గొంతు విప్పిన మనిషి, తర్వాత "సార్, ఒక స్పాంజ్ లెక్క తగ్గింది" అనడానికి వెనకాడరు. చెక్‌లిస్ట్‌కు టిక్కులు ముందే పెట్టేసుకుని నోటితో ఏమీ అనని థియేటర్లలో ఈ లాభం రాదు.

కోడ్ బ్లూ (పేషెంట్ గుండె ఆగినప్పుడు ఇచ్చే ఎమర్జెన్సీ పిలుపు) లాంటి హడావిడిలో?

గాల్లోకి "ఎవరైనా అడ్రినలిన్ ఇవ్వండి" అంటే ఇద్దరు ఇస్తారు, లేదా ఒక్కరూ ఇవ్వరు. పేరు పెట్టి చెప్పాలి. విన్నవారు తిరిగి పలకాలి: "అడ్రినలిన్ ఒక ఎంజీ ఐవీ, ఇస్తున్నాను." ఇచ్చాక "ఇచ్చాను, 2:14." అంతే.

"డాక్టరుకు తెలియజేయడమైనది" అని రాస్తే సరిపోతుందా?

సరిపోదు. ఏ డాక్టరుకు, ఎన్ని గంటలకు, ఏమని చెప్పారు, వాళ్లేమన్నారు, ఆ తర్వాత ఏం చేశారు. "2:10కి డ్యూటీ డాక్టరుకు ఫోన్. బీపీ 88/56, డ్రెయిన్ 300 ఎంఎల్ అని చెప్పాను. ఫ్లూయిడ్ 500 ఎంఎల్ ఫాస్ట్‌గా పెట్టమన్నారు, చదివి వినిపించాను. 2:25కి వచ్చి చూశారు." కోపం, వ్యంగ్యం నోట్స్‌లోకి రానివ్వకండి. "ఎన్నిసార్లు చెప్పినా డాక్టరు రాలేదు" అనే బదులు "2:10, 2:20, 2:30కి ఫోన్ చేశాను, ఎత్తలేదు; 2:32కి కన్సల్టెంట్‌కు ఫోన్ చేశాను" అని రాయండి. చదివినవాళ్లకు అర్థమవుతుంది.

తప్పు నా వల్లే జరిగింది. డాక్టరుకు ఎలా చెప్పను?

వెంటనే, పూర్తిగా, మొదటి వాక్యంలోనే. "సార్, పన్నెండో బెడ్‌కు ఇవ్వాల్సిన యాంటిబయాటిక్ పదకొండో బెడ్‌కు ఇచ్చాను, పది నిమిషాలైంది. ఎలర్జీ హిస్టరీ లేదు. పల్స్ 84, బీపీ 120/80, ఒంటిమీద దద్దుర్లు లేవు. మీరు వచ్చి చూడండి, నేను పేషెంట్ పక్కనే ఉన్నాను." పక్క మంచం పేషెంట్ పిలిచారు, స్టాఫ్ తక్కువ, లేబుల్ చెరిగిపోయింది, ఇవన్నీ నిజమే కావచ్చు. అవి ఇన్సిడెంట్ రిపోర్టులో తప్పకుండా రాయండి, ఎందుకంటే రేపు ఇంకొకరు అదే లేబుల్ చూసి అదే తప్పు చేస్తారు. ఫోన్‌లో మాత్రం ముందు మందు పేరు, డోసు, టైమ్.

ఆ ఫోన్ అందుకున్న డాక్టరు మొదట అనాల్సిన మాట: "మంచి పని చేశారు వెంటనే చెప్పి. వస్తున్నాను."